పది గుడ్డల లెక్క

నాకు కోపం ముక్కుమీద ఉంటుందని అందరూ అంటారు. నేను దాన్ని పద్ధతి అంటాను. ముప్ఫై ఒక్క ఏళ్లు ఆపరేషన్ థియేటర్లో నర్సుగా పనిచేశాను. కొయ్యడం డాక్టరు పని, లెక్క నా పని. పొట్ట కుట్టేముందు ఎన్ని కత్తెరలు ఇచ్చానో, ఎన్ని సూదులు ఇచ్చానో, నెత్తురు అద్దే గుడ్డలు ఎన్ని లోపలికి వెళ్లాయో, అన్నీ తిరిగి నా ట్రేలోకి రావాలి. ఒక్కటి తగ్గినా ఎంత పెద్ద డాక్టరైనా సరే, కుట్టు వెయ్యనిచ్చేదాన్ని కాదు. కొత్తగా చేరిన పిల్లలు నా చెప్పుల చప్పుడు వింటేనే నిటారుగా నిలబడేవాళ్లు. ఇన్నేళ్లలో ఏ మనిషి కడుపులోనూ నేనిచ్చిన గుడ్డ మిగిలిపోలేదు. ఈ సంగతి కనిపించిన ప్రతివాళ్లకీ చెబుతాను. ఇంట్లోవాళ్లు వినడం ఎప్పుడో మానేశారు.

మా ఆయన లిఫ్టుల మెకానిక్. నా తర్వాత ఏడాదికి ఆయనా రిటైరయ్యారు. అప్పటినుంచీ చేతులు ఊరుకోవు. ఇంట్లో ఉన్న ప్రతి తాళం, ప్రతి కుళాయి ఒకసారి విప్పి బిగించారు. అందుకని మా అమ్మాయి పది రోజుల సెలవుకి వస్తూ, వెనక గొట్టంలోంచి తెల్లటి పొగ కక్కుతున్న కారుని ఇంటిముందు ఆపినప్పుడు, ఆయన ముఖం చూడాలి. జాలి పడినట్టు నాలుక చప్పరించారు గానీ కళ్లు మెరిసిపోతున్నాయి.

నూనె కొలిచే పుల్ల తీసి చూపించారు. దానికి అంటుకున్నది పాలు కలిపిన కాఫీలా ఉంది.

"హెడ్ గ్యాస్కెట్ పోయింది" అన్నారు.

ఇంజన్ దిమ్మకీ దానిమీద కూర్చునే హెడ్డుకీ మధ్య ఉండే పల్చటి రేకు అది. నిప్పునీ, నీళ్లనీ, నూనెనీ ఒకదాని జోలికి ఒకటి పోకుండా ఆపేది అదే. అది కాలిపోతే మూడూ కలిసిపోతాయి.

"మీరు చేసేది లిఫ్టుల పని" అన్నాను.

"లిఫ్టు నిలువుగా పోతుంది, కారు అడ్డంగా పోతుంది. అంతే తేడా."

"షెడ్డుకి ఇస్తే నెల రోజులు పెట్టుకుంటాడమ్మా" అని అమ్మాయి ఆయన పక్షం చేరింది. దానికి ఆ కారు లేకపోతే గడవదు. కొండకి అవతల పాల ఫ్యాక్టరీలో, పాలు పరీక్షించే గదిలో ఉద్యోగం. మా ఇంటినుంచి అరగంట పోతే ఘాట్ రోడ్డు మొదలవుతుంది, పైన సొరంగం, సొరంగం దాటితే దిగుడు. దారి పొడుగునా లారీలే.

మొదటి నాలుగు రోజులూ విప్పడానికే సరిపోయింది. ఇంటిముందు రేకుల షెడ్డులో, పాత చాప మీద ఏ బోల్టు ఎక్కడిదో కాగితం చీటీ రాసి మరీ పెట్టించాను. హెడ్డు పైకి లేచి ఇంజన్ లోపలి గుండ్రటి బావులు నాలుగూ బయటపడగానే నాకు పాత రోజులు గుర్తొచ్చాయి. ఇది పొట్ట కొయ్యడమే, సందేహం లేదు. ఒక పాత దుప్పటి తీసుకుని పది సమానమైన ముక్కలు చేశాను.

"పది ఇస్తున్నాను. మూసేముందు పదీ నా బకెట్లోకి రావాలి."

"ఇదేమన్నా ఆపరేషనా?" అని నవ్వారు.

"నవ్వండి. తర్వాత ఏడ్చేది నేను."

దిమ్మకి అతుక్కుపోయిన పాత గ్యాస్కెట్‌ని రేకు బద్దతో గీకాలి. ఆ గీకుడు పొట్టు లోపల పడకుండా బావుల్లోనూ, నీళ్లు పోయే కన్నాల్లోనూ, నూనె దిగే కన్నాల్లోనూ గుడ్డలు కుక్కారు. రెండు రోజులు వంగి వంగి గీకారు. నడుం పట్టేసింది, అయినా వదల్లేదు. చివరికి ఆ దిమ్మ పళ్లెంలా మెరిసింది. ఆ మాట పైకి అనలేదు గానీ ముచ్చటేసింది.

కొత్త గ్యాస్కెట్ తెప్పించడానికి ఇంకో రెండు రోజులు పట్టి, చివరికి బిగించే రోజు వచ్చింది. శనివారం. మర్నాడు ఉదయమే అమ్మాయి బయల్దేరాలి. కొత్త గ్యాస్కెట్‌ని ఆయన దిమ్మమీద పరిచారు. నేను వంగి చూశాను. ఒక మూల నీళ్ల కన్నం మూసుకుపోయి ఉంది. పైకి కనబడాల్సిన అచ్చు అక్షరాలు కిందికి ఉన్నాయి. తిరగేసి పెట్టారన్నమాట.

ఇక చెప్పేదేముంది, అగ్గిమీద గుగ్గిలమయ్యాను. కళ్లు నెత్తిమీద ఉన్నాయా అన్నాను. ముప్ఫై ఏళ్లు లిఫ్టులు ఇలాగే బిగించారా, ఎంతమంది పడి చచ్చారో లెక్క ఉందా అన్నాను. వీధి చివరిదాకా వినబడే ఉంటుంది. ఆయన చెవులు కందిపోయాయి. మాట్లాడకుండా గ్యాస్కెట్ తీసి, తిప్పి, మళ్లీ పెట్టబోయి ఆగారు. దిమ్మ మూలని ఒక కన్నం వైపు కాసేపు చూస్తూ ఉండిపోయారు.

"ఏంటి మళ్లీ?" అని కసిరాను.

"ఏం లేదు" అన్నారు.

"గుడ్డలు?"

నల్లగా ఉండలు చుట్టిన గుడ్డల్ని ఒక్కొక్కటే బకెట్లో పడేశారు. నేను పైకే లెక్కపెట్టాను. పది. "సరిపోయింది, కానివ్వండి" అన్నాను. గ్యాస్కెట్ కూర్చుంది, హెడ్డు కూర్చుంది. పది బోల్టులు, మధ్యనుంచి చివర్లకి, మూడు విడతలుగా. కారు పుస్తకం చూసి ఎంత బిగువు పెట్టాలో నేను నంబరు చదవడం, ఆయన బిగించడం. సాయంత్రానికి నీళ్లూ కొత్త నూనే పోసి తాళం తిప్పితే ఇంజన్ మొదటి తిప్పుకే అందుకుంది. పొగ లేదు. అమ్మాయి చప్పట్లు కొట్టింది. వీధిలో నాలుగు చుట్లు తిప్పారు. ఆ రాత్రి ఆయన అన్నం సరిగా తినలేదు. అలసటేమో అనుకున్నాను.

ఆదివారం ఉదయం తొమ్మిదికి అమ్మాయి బయల్దేరింది. "నెమ్మదిగా వెళ్లు" అని కారు కిటికీలోంచి ఆయన రెండుసార్లు చెప్పారు. అది వీధి మలుపు తిరిగాక నేను పెరట్లోకి వెళ్లి, రాత్రంతా సబ్బునీళ్లలో నానిన గుడ్డల్ని ఉతకడం మొదలుపెట్టాను. మళ్లీ దేనికైనా పనికొస్తాయని. పిండి, దులిపి, తీగమీద వరసగా ఆరేస్తూ వచ్చాను.

ఎనిమిదోది వేస్తుంటే చేతికి తేడాగా తగిలింది. విప్పి చూశాను. మూడు అంచులు నా కత్తెరతో కోసినవి. నాలుగో అంచు పోగులు వేలాడుతూ ఉంది. పక్కనున్న దానిమీద వేసి చూశాను. సరిగ్గా సగం.

ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత లెక్క వేసుకున్నాను. ఒక గుడ్డని రెండుగా చింపితే మొత్తం పదకొండు రావాలి. నేను లెక్కపెట్టింది పది.

థియేటర్లో మొదటి రోజు నేర్పేదే అది. గుడ్డ చింపకూడదు, కత్తిరించకూడదు. అక్కడ అందరికీ తెలిసిన సంగతి కాబట్టి నేనెప్పుడూ నోటితో చెప్పి ఎరగను. ఈయనకీ చెప్పలేదు. రెండోది, ఉండ చుట్టిన గుడ్డని అలాగే లెక్కపెట్టకూడదు. ప్రతిదాన్నీ విప్పి పరిచి చూడాలి. నిన్న నేను విప్పలేదు. అప్పటికి ఒళ్లు తెలియని కోపంలో ఉన్నాను.

తడి గుడ్డ పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తాను. ఆయన కుర్చీలో కూర్చుని గోడ చూస్తున్నారు. గుడ్డని ఆయన ముందు పరిచాను. కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు ఆ ముఖంలో.

"చింపారా?"

తల ఊపారు.

"రెండో ముక్క ఎక్కడ పెట్టారు?"

"మూల కన్నంలో. నూనె దిగేది. పెద్ద ముక్క పట్టలేదని..."

"అందులో పడితే ఎక్కడికి పోతుంది?"

"అడుక్కి. నూనె నిలిచే తొట్టిలోకి." ఆయన చిరిగిన అంచుని వేలితో తడిమారు. "అక్కడే ఓ మూల పడుంటే ఫరవాలేదు. నూనె పీల్చే గొట్టం మూతికి అడ్డం పడితే మాత్రం పైకి చుక్క ఎక్కదు."

"ఎక్కకపోతే?"

"ఇంజన్ పట్టేస్తుంది. ఉన్నపళంగా."

"ఎప్పుడు?"

"ఎత్తు ఎక్కేటప్పుడు. ఇంజన్ గట్టిగా తిరిగి, గట్టిగా పీల్చేటప్పుడు."

గోడ గడియారం తొమ్మిదీ ముప్ఫై ఐదు చూపిస్తోంది. ఘాట్ మొదలయ్యే ఉంటుంది. ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తదని తెలుసు. బండి నడిపేటప్పుడు ఫోన్ ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతానని చెప్పినదాన్ని నేనే. పదకొండోసారీ ఎత్తకపోయేసరికి ఫోన్ పట్టుకునే బయటికి పరిగెత్తాను.

పక్కింట్లో డ్రిల్లు మాస్టారున్నారు, కారుంది. ఆయనతో నాకు ఏడాదిగా మాటల్లేవు. మా గేటుకి అడ్డంగా కారు పెట్టారని ఒకరోజు నోరు పారేసుకున్నాను. తలుపు బాదాను. తెరిచి, నన్ను చూసి, ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు.

"నేనేం చెయ్యలేదమ్మా. కారు మా గేటు ముందే ఉంది" అన్నారు.

"మా అమ్మాయి..." అన్నాను. వెనకనుంచి మా ఆయన రెండు ముక్కల్లో చెప్పారు. మాస్టారు చెప్పులు కూడా వేసుకోకుండా తాళాలు తీసుకుని వచ్చేశారు.

దారిలో నేను వెనక సీట్లో కూర్చుని ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఘాట్ మొదలయ్యాక ఫోన్ మోగడం కూడా మానేసింది. సిగ్నల్ లేదేమో. లేకపోతే ఇంకేమిటో. ఆ ఇంకేమిటో నాకు బాగా తెలుసు, అదే నా ఖర్మ. స్టీరింగు ఛాతీకి గుద్దుకుంటే ఎముకలు ఎటు విరుగుతాయో, వెనకనుంచి లారీ గుద్దితే మెడ ఏమవుతుందో, బల్లమీదికి వచ్చినవాళ్లలో ఎంతమంది దిగి నడిచి వెళ్లారో, అన్నీ నా కళ్లతో చూశాను. వాళ్లందరి ముఖాలూ పోయి ఇప్పుడు ఒక్క ముఖమే కనబడుతోంది. కళ్లు మూసుకుంటే ఇంకా బాగా కనబడుతోందని కళ్లు తెరుచుకునే కూర్చున్నాను. ప్రతి మలుపులోనూ, తిరగ్గానే అక్కడుంటుందని భయం, లేకపోతే ఇంకా ముందుకి పోయి ఏ లోయలో ఉందోనని భయం.

"కొంచెం తొందరగా పోనివ్వండి మాస్టారూ" అన్నాను.

"పోతున్నానమ్మా, పోతున్నాను" అన్నారాయన, నేను తిట్టినట్టే వణుకుతూ.

ముందు సీట్లో మా ఆయన రెండు చేతులూ మోకాళ్లమీద పెట్టుకుని బొమ్మలా కూర్చున్నారు.

"నిన్న ఆ కన్నం వైపు చూశారు" అన్నాను. "అప్పుడే తెలుసా మీకు?"

ఆయన రోడ్డు మీదినుంచి చూపు తిప్పలేదు.

"అనుమానం వచ్చింది. చింపినట్టు గుర్తు. మళ్లీ చింపలేదేమో అనిపించింది. నువ్వు పది అన్నావు. నీ లెక్క తప్పదు కదా అనుకున్నాను" అన్నారు.

"అడగొచ్చుగా!"

మాస్టారు అద్దంలోంచి ఒకసారి నన్ను చూసి, చప్పున చూపు తిప్పుకున్నారు.

సొరంగానికి ఇంకా చాలా దూరం ఉండగానే బళ్లు నిలిచిపోయాయి. లారీల వెనక లారీలు, ఇంజన్లు ఆపేసి, డ్రైవర్లు కిందికి దిగి నిలబడ్డారు. తలుపు తీసి దిగాను.

"ఏమైంది బాబూ ముందు?" అని ఒక డ్రైవర్ని అడిగాను.

"సొరంగంలో కారేదో ఆగిపోయిందంట."

"ఎవరికన్నా ఏమన్నా..."

"తెలీదమ్మా. పెద్ద చప్పుడైందని అంటున్నారు."

పరిగెత్తాను. అరవై ఒకటో ఏట, వాచిన మోకాళ్లతో, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని పరిగెత్తాను. వెనకనుంచి ఆయన పిలుస్తున్నారు, ఆగలేదు. సొరంగం లోపల చీకటి, పొగ వాసన, పైన బారుగా పసుపు దీపాలు. నా అడుగుల చప్పుడే గోడలకి తగిలి నా మీదికి వస్తోంది. బతికుంటే చాలు, ఇంకేమీ వద్దు. చెయ్యి విరిగినా ఫరవాలేదు, కాలు విరిగినా ఫరవాలేదు, నేను చూసుకుంటాను, బతికుంటే చాలు. ఇదే అనుకుంటూ వెళ్లాను. పైకే అన్నానేమో కూడా తెలియదు.

కారు గోడవైపు వాలుగా నిలబడి ఉంది. దాని వెనక రెండు మూరల దూరంలో ఒక లారీ. లారీ చక్రాల కింద రోడ్డుమీద నల్లటి చారలు ఇరవై అడుగులు సాగి ఉన్నాయి. ఆ డ్రైవరు మెట్టుమీద కూర్చుని నీళ్లు తాగుతున్నాడు. సీసా పళ్లకి తగిలి చప్పుడవుతోంది.

మా అమ్మాయి గోడవారగా నిలబడి ఉంది. ఎక్కడా నెత్తురు లేదు. తల, చేతులు, మెడ, కళ్లు, అన్నీ తడిమి చూశాను. ఒళ్లంతా మంచులా చల్లగా ఉంది. నన్ను చూడగానే అది ఏడుస్తుందనుకున్నాను.

"అమ్మా, నాన్నని ఏమీ అనకు" అంది.

చావు అంచుదాకా వెళ్లొచ్చిన పిల్ల అన్న మొదటి మాట అది.

"ఏం జరిగిందే?" అన్నాను.

"ఎర్ర దీపం వెలిగింది. ఘాట్ మొదట్లోనే. నూనె బొమ్మ."

"వెలిగితే ఆపాలని తెలీదూ?"

"తెలుసు."

"మరి?"

అది నా వెనక్కి చూసింది. ఆయన వచ్చారు. రొప్పుతూ, గోడ పట్టుకుని నిలబడ్డారు. దాన్ని నిలువునా చూసి, ముఖం గోడవైపు తిప్పుకున్నారు. భుజాలు కదులుతున్నాయి.

"ఆపితే ఫోన్ చెయ్యాలి. నాన్న ఫోన్ మోగినా ఎత్తేది నువ్వే. చేసిన పని చెడిపోయిందని తెలిస్తే ఇంక నాన్నని నువ్వు..." అమ్మాయి ఆగింది. "పది రోజులు నడుం విరగ్గొట్టుకున్నాడమ్మా. సొరంగం దాటితే అవతల మెకానిక్ ఉన్నాడు. మీకెవరికీ తెలీకుండా చూపించుకుని వెళ్లిపోదామనుకున్నాను. లోపలికి రాగానే ఒక్కసారి పట్టేసింది. వెనక లారీ హారన్ కొడుతూ వచ్చేస్తోంది. చేతికి తలుపు పిడి దొరకలేదు నాకు..."

అంతవరకూ చెప్పి అప్పుడు ఏడ్చింది.

దగ్గరికి తీసుకున్నాను. నోరు తెరిచాను. నా నోటికి ఏనాడూ మాటలకి కరువు లేదు. డాక్టర్లని నిలబెట్టి మాట్లాడినదాన్ని. ఒక్క అక్షరం రాలేదు. తప్పు గుడ్డ చింపిన ఆయనదా, విప్పకుండా లెక్కపెట్టిన నాదా అని దారంతా లోలోపల తగువు పెట్టుకుంటూనే వచ్చాను. ఇక్కడికొచ్చాక తెలిసింది, ఆ తగువుకి అర్థమే లేదు. శనివారం ఆయన నోరు విప్పి ఒక్క మాట అని ఉంటే హెడ్డు కూర్చునేదే కాదు. ఇవాళ ఈ పిల్ల కొండ కిందే ఆపి ఒక్క ఫోన్ చేసి ఉంటే రోడ్డుపక్కన చెట్టు నీడలో కూర్చుని ఉండేది. ఇద్దరి నోళ్లూ మూయించిందేమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

వాళ్లిద్దరూ నా ముఖంలోకే చూస్తున్నారు. ఎప్పుడు మొదలెడుతుందా అని ఎదురుచూస్తున్నట్టు.

"అమ్మా, ఏదో ఒకటి అనవే" అంది అమ్మాయి చిన్నగా. నేను మాట్లాడకపోవడం దాన్ని ఇంకా భయపెడుతోంది.

వెనకనుంచి హారన్లు మోగడం మొదలయ్యాయి. లారీ డ్రైవరు లేచి వచ్చి, ముందర గోడలో బళ్లు ఆపుకునే చోటు ఉందనీ, అందాకా నెడితే తక్కినవాళ్లకి దారి వస్తుందనీ చెప్పాడు. అతను కిటికీలోంచి స్టీరింగు పట్టుకున్నాడు. మేం ముగ్గురం వెనక చేరి చేతులు ఆన్చాం. నేను మధ్యలో, వాళ్లిద్దరూ చెరోవైపు. కారు ముందు మొరాయించి, తర్వాత నెమ్మదిగా కదిలింది.

నాలుగడుగులు వేశాక అడిగాను.

"నేనంటే మీకు అంత భయమా?"

ఇద్దరూ వినలేదేమో అనుకుని ఇంకోసారి అడిగాను. ఇద్దరూ తలలు వంచుకుని ఇంకాస్త గట్టిగా నెట్టారు.